ఏడుగురు ఫ్యాక్షన్ లీడర్లు, ఒక్క కోడీ లేదు

ఏడుగురు ఫ్యాక్షన్ లీడర్లు ఒకే ఓడలో బయల్దేరారు. నూజెండ్లలో ఏ టీ బంకు దగ్గరైనా ఈ ఒక్క మాట అని చూడండి, రెండో మాట ఎవరూ అననివ్వరు. ‘అందరూ దిగారా?’ అంటారు. దిగారు గానీ, దిగేలోపే ఓడ కెప్టెన్ హత్య అయిపోయింది. ఇక్కడిదాకా మనకు తెలియని కథేమీ కాదు, ఓడ బదులు వినుకొండ బస్సు పెట్టుకుంటే సరిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆ ఏడుగురూ కొత్త గ్రహం మీద దిగి, ఏడు దిక్కులకు పోయి, ఏడు రాజ్యాలు కట్టుకుని వందల ఏళ్లు కొట్టుకుంటారు. అంత కాలంలో ఒక్కరంటే ఒక్కరు తన సిద్ధాంతం గీత దాటరు. మొహమాటానికి పోరు, పంతానికి పోరు, పరువు కోసం ఎకరం అమ్ముకోరు. పందెం కాయరు. ఏడు వాకిళ్లు వెతికినా ఒక్క కోడి కనపడదు. వీళ్లనా ఫ్యాక్షన్ లీడర్లు అనడం!

ఇదొక కంప్యూటర్ ఆటలోని కథ. నా చిరాకు ఆ ఆట మీద కాదు, దాన్ని మెచ్చుకునే పద్ధతి మీద. 1999 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిరాక్సిస్ అనే సంస్థ ‘సిడ్ మేయర్స్ ఆల్ఫా సెంటారి’ని బయటికి తెచ్చింది. అట్ట మీద పేరు సిడ్ మేయర్‌ది, లోపల రూపకల్పనలో పెద్ద చెయ్యి బ్రయన్ రేనాల్డ్స్‌ది. మన ఊళ్లలో పొలానికి పెద్దాయన పేరు, దుక్కికి చిన్నాయన చెయ్యి ఉన్నట్టే. ఆట బాగుంటుంది, కాదనను. కానీ పాతికేళ్లు దాటినా దాని గురించి ఎవరు నోరు తెరిచినా ఒకటే పాట: వ్యూహాల ఆటల్లో ఫ్యాక్షన్ లీడర్ల పాత్రచిత్రణ ఇంత గొప్పగా మరెక్కడా లేదు, ఇక రాదు. కొన్ని రోజులుగా ఈ మాట పంటి సందులో ఇరుక్కున్న జొన్న పొట్టులా నన్ను వదలడం లేదు. గొప్ప ఆలోచనలు ఉన్నాయనండి, ఒప్పుకుంటాను. గొప్ప గొంతులు ఉన్నాయనండి, చప్పట్లు కొడతాను. పాత్రచిత్రణ అన్నారు చూశారా, అక్కడే పేచీ. పల్నాడు గడ్డ మీద నిలబడి ఆ మాట వింటే ఎనిమిది వందల ఏళ్ల నాటి ఇద్దరు మంత్రులు నవ్వుతున్నట్టు ఉంటుంది. ఆ ఇద్దరూ కలిసి నవ్విన సందర్భం ఇదొక్కటే అయ్యుండొచ్చు.

ముందు ఆ ఏడుగురినీ చూద్దాం. డీర్‌డ్రె స్కై చెట్టూచేమా కాపాడే మనిషి. షెంగ్ జీ యాంగ్ జనాన్ని తేనెపట్టులా నడిపే పెద్ద. ప్రొఖోర్ జఖరోవ్ విశ్వవిద్యాలయం తప్ప లోకం తెలియని రష్యా పండితుడు. న్వాబుడికె మోర్గాన్ నమీబియా నుంచి వచ్చిన షావుకారు. కొరజోన్ శాంటియాగో తుపాకీ దించని కల్నల్. మిరియం గాడ్విన్‌సన్ దైవభక్తురాలు. ఏడోవాడు మనవాడే, ప్రవీణ్ లాల్, డాక్టరు, ఐక్యరాజ్యసమితి ఆశయాలు మోసుకుతిరిగే శాంతిదూత. ఒక్కొక్కరికీ ఒక జాతక చక్రం ఉంటుంది. జఖరోవ్‌కు పరిశోధనలో రెండు కలుపు, శత్రువుల గూఢచారులను ఆపడంలో రెండు తీసెయ్. శాంటియాగోకు సైన్యం ధైర్యంలో రెండు కలుపు, పరిశ్రమలో ఒకటి తీసెయ్. యాంగ్‌కు జనాభా పెరుగుదలలో ఒకటి, పరిశ్రమలో ఒకటి కలుపు, ఆర్థికంలో రెండు తీసెయ్. మోర్గాన్ ఆట మొదట్లోనే వంద యూనిట్ల శక్తి అదనంగా జేబులో వేసుకుని దిగుతాడు, షావుకారు కదా. ఇక్కడిదాకా పెళ్లిచూపుల్లో మధ్యవర్తి చెప్పే వివరాల్లాంటివే, సర్దుకోవచ్చు. నన్ను పొడిచేది నిషేధాల పట్టిక. లాల్ పోలీసు రాజ్యాన్ని ఎంచుకోలేడు. యాంగ్ ప్రజాస్వామ్యాన్ని ఎంచుకోలేడు. మోర్గాన్ ప్రణాళికల ఆర్థికం జోలికి, డీర్‌డ్రె స్వేచ్ఛా మార్కెట్ జోలికి పోలేరు. జఖరోవ్‌కు మతపాలన కుదరదు, మిరియంకు జ్ఞానాన్ని విలువగా పెట్టుకోవడం కుదరదు, శాంటియాగోకు సంపద కుదరదు. ఇష్టం లేకపోవడం కాదు, కుదరదు. ఆ మీట నొక్కుదామంటే ఆట ఒప్పుకోదు.

ఇలాంటి పట్టిక మనవాళ్లు ఎప్పుడో రాసుకున్నారు. దాని పేరు కుక్కుట శాస్త్రం. సంక్రాంతి దగ్గరపడితే పందెంరాయుళ్ల చొక్కా జేబుల్లో దర్శనమిచ్చే సన్నటి పుస్తకం. అందులో కోళ్లకు పేర్లు లేవు, రంగులే ఉన్నాయి. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. ఆ తర్వాత నెమలి, పర్ల, పింగళ, మైల, అబ్రాసు అంటూ రంగుల మీద రంగులు, వాటి కలయికలు. శుక్లపక్షంలో ఏ రంగుకు బలం, బహుళపక్షంలో ఏ రంగుకు బలం, ఏ నక్షత్రం నాడు ఏది దేని మీద గెలుస్తుంది, ఏ వారం బరిలోకి ఏ దిక్కు నుంచి వదలాలి, అన్నీ ఉంటాయి. లేనిదొక్కటే, ఆ కోడి ఎలాంటిదన్న మాట. డేగ కోపిష్టిదా, కాకికి పొద్దున్నే లేవాలంటే బద్ధకమా, సేతువకు కాస్త గర్వమా అని శాస్త్రం అడగదు. అడిగితే పందెం నడవదు. శాస్త్రం చూసి లక్ష కాసినవాడు లక్షా పోగొట్టుకుని వచ్చినా శాస్త్రం తప్పిందని మాత్రం అనడు. నక్షత్రం పాదం మారిందంటాడు. వదిలినవాడు ఓ అడుగు ఈశాన్యానికి జరిగాడంటాడు. అది అసలు డేగ కాదు, డేగలా కనపడే ఇంకో రంగని ఈక పీకి మరీ చూపిస్తాడు. కోడి భయపడి పారిపోయిందని ఒప్పుకోడు. కోడికి భయం ఉందని ఒప్పుకుంటే దానికి మనసు ఉందని ఒప్పుకోవాలి, మనసున్నదాని మీద డబ్బు కాయడానికి ఎవరికైనా కొంచెం చెయ్యి వణుకుతుంది. మనసు లేదనుకున్న ఆ కోడికే ఇంట్లో మర్యాదలు చూడండి. జీడిపప్పు, బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, మటన్ కైమా, పొద్దున ఈత, మధ్యాహ్నం ఒంటికి కాపడం. ఆ ఇంట్లో ముసలమ్మ మోకాళ్ల నొప్పులకు ఆ కాపడంలో పదో వంతు జరిగి ఉంటే పాపం ఆమె ఈపాటికి కోటప్పకొండ మెట్లెక్కి వచ్చేది. ఇంత సేవ చేయించుకున్న కోడి చివరికి రంగు పేరుతోనే బరిలోకి దిగుతుంది, రంగు పేరుతోనే కూరలోకి పోతుంది. ‘కాకి పోయింది’ అంటారు. ఎవరి కాకి, ఏ పొద్దున ఏ గోడెక్కి ఎలా కూసిన కాకి, అనరు.

కోడి గురించి ఇంత సేపు అవసరమా అంటే, పల్నాడులో కోడి దగ్గర మొదలైన మాట కోడి దగ్గర ఆగిన చరిత్ర లేదు, యుద్ధం దాకా పోతుంది. నేను చెప్పేదల్లా ఒకటే. ఆల్ఫా సెంటారి పట్టికా కుక్కుట శాస్త్రమే. శాంటియాగో డేగ, జఖరోవ్ సేతువ, మోర్గాన్ పింగళ. ఎవరికి దేనిలో కలుపు, దేనిలో తీసివేత, ఎవరి మీద ఎవరు ఎప్పుడు గెలుస్తారు, అంతే. పందెం కాసేవాడికి ఇంతకు మించి అక్కర్లేదు, ఆట ఆడేవాడికీ అక్కర్లేదు. అక్కర్లేదనే మాట నిజాయతీగా అంటే నాకు గొడవే లేదు. రంగు చెప్పి, పాత్రచిత్రణ చేశామంటేనే గొడవ.

ఇప్పుడు అసలు కోడిపందెంలోకి వద్దాం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. రాజులు ఇద్దరే గాని ఫ్యాక్షన్ లీడర్లు వాళ్లు కారు. మలిదేవరాజు వైపు మంత్రి బ్రహ్మనాయుడు, నలగామరాజు వైపు మంత్రి నాయకురాలు నాగమ్మ. ఇది పల్నాటి వీరుల కథ, పన్నెండో శతాబ్ది చివరి భాగానిది. బ్రహ్మనాయుడి జాతక చక్రం మన ఆటవాళ్ల చేతికిస్తే ఎలా రాస్తారో ఊహించడం కష్టం కాదు. వైష్ణవుడు, చెన్నకేశవ భక్తుడు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు మనిషి. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు పెద్దను చేసినవాడు. సైన్యం ధైర్యంలో రెండు కలుపు, ప్రజాసంతోషంలో రెండు కలుపు. నిషేధం ఏమిటి? జూదం. ఇంత ధర్మం తెలిసినవాడు, ఇంతమందిని ఒక్క చాప మీదికి తెచ్చినవాడు జూదం ఆడతాడా? ఆట ఆ మీటకు తాళం వేసేస్తుంది. అసలు కథలో ఏమైంది? ఆ మనిషే రాజ్యం తెచ్చి ఒక పుంజు కాలికి కట్టాడు. ఓడితే ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్న పందానికి ఒప్పుకున్నాడు. ఓడాడు. మలిదేవరాజును వెంటబెట్టుకుని అడవుల బాట పట్టాడు. నాగమ్మ మోసం చేసి గెలిచిందని కథ చెబుతుంది. చేసిందే అనుకుందాం. మోసం నాగమ్మదే కావచ్చు, బరిలోకి దిగిన కాళ్లు మాత్రం బ్రహ్మనాయుడివి. ఆ ఒక్క తప్పుతోనే ఆయన మనకు మనిషిగా తెలుస్తాడు. చాపకూడు ఆయన సిద్ధాంతం చెబుతుంది, కోడిపందెం ఆయన స్వభావం చెబుతుంది. తాను చేయకూడదని తనకే తెలిసిన పని చేసినప్పుడే మనిషి గుణం బయటపడుతుంది. ఆల్ఫా సెంటారి సరిగ్గా ఆ పనినే నిషేధించింది. నిషేధించి, ఆ నిషేధానికే గుణం అని పేరు పెట్టింది. నా వాదం మొత్తం ఇంతే.

నాగమ్మ సంగతి ఇంకా ముచ్చటైనది. ఆటవాళ్ల చేతికిస్తే ఆమెకు గూఢచర్యంలో మూడు కలిపి, నమ్మకంలో మూడు తీసేసి, మొహం మీద ఎర్ర రంగు పూసి వదిలేస్తారు. కథ అలా వదల్లేదు. వేటకొచ్చిన రాజుకు ఆతిథ్యమిచ్చి, బదులుగా ఏడు ఘడియల మంత్రిత్వం అడిగి పుచ్చుకున్న ఆడమనిషి ఆమె. ఏడు ఘడియలంటే మన లెక్కలో మూడు గంటలు కూడా లేదు, ఒక తెలుగు సినిమా అంత. ఆ కాస్త వ్యవధిలో ఆమె రాజ్యాన్ని చేతిలోకి తెచ్చుకుంది. తెలివా, పగా, పదవి మీద ఆశా, మగ మంత్రుల మధ్య నిలబడాలన్న పంతమా? కథ తేల్చదు, వినేవాళ్లే కొట్టుకు చావాలి. ఈ మాటకు రుజువు కావాలంటే సినిమాల వైపు చూడండి. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మ కన్నాంబ, 1966 నాటి దానిలో భానుమతి. వట్టి దుష్టపాత్రే అయితే ఆ వేషానికి ఆ ఇద్దరినీ పిలవాల్సిన పని లేదు, వాళ్లు ఒప్పుకోవాల్సిన పని అంతకన్నా లేదు. ఎదురుగా బ్రహ్మనాయుడి వేషంలో ఎన్టీ రామారావు నిలబడినా కన్ను తిప్పుకోనివ్వని ఆడమనిషి కావాలి కాబట్టే భానుమతి దాకా వెళ్లారు. ప్రత్యర్థి నాయకురాలిని అంత ఎత్తులో నిలబెట్టిన కథ పక్కన పెట్టి చూస్తే, స్వేచ్ఛా మార్కెట్ పెట్టుకున్నారని పలకరించిన ప్రతిసారీ చివాట్లు పెట్టే డీర్‌డ్రె ఎంత పలచగా ఉంటుందో చూడండి. ‘మీది ఏ పార్టీ?’ అని తెలుసుకోకుండా మంచినీళ్లు కూడా ఇవ్వని చుట్టంలాంటిది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. ఇది ఆటయ్యా, కావ్యం కాదు. అవతలివాడు ఏం చేస్తాడో అంచనా కుదరకపోతే వ్యూహం ఎలా పన్నుతారు, నాయకుడు ఒక గీతలో ఉంటేనే ఆడేవాడికి పట్టు దొరుకుతుంది అంటారు. సగం నిజం. ఆ సగాన్ని గౌరవిస్తూనే అడుగుతాను, వీరుల కథ వినేవాడికి మాత్రం పట్టు అక్కర్లేదా? పల్నాటి వీరుల కథ పుట్టింది పుస్తకంలో కాదు. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించేదాకా, ఆ తర్వాతా, దాన్ని మోసింది వీరవిద్యావంతుల గొంతులు. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోఘేర్ ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో అచ్చు వేస్తే పెద్ద గ్రంథమే అయింది. రాత్రంతా పాడే కథలో, నిద్ర ఆపుకుంటూ వినే జనానికి, ఎవరు ఎవరో క్షణంలో తెలియాలి. అందుకే అక్కడా పట్టుకొమ్మలు ఉన్నాయి. బాలచంద్రుడంటే ఆవేశం, అలరాజంటే రాయబారం, మాంచాలంటే భర్త చేతికి కత్తిచ్చి పంపిన ఇల్లాలు. గీత గీసే మొదలుపెట్టారు. కాకపోతే ఆ గీత తెగే చోటు కూడా కథలోనే పెట్టారు. రాయబారానికి వెళ్లిన అలరాజు విషంతో చచ్చాడు, అదీ మామగారు నలగామరాజు ఏలే రాజ్యంలో. అలా జరుగుతుందని అంచనా వేయగలిగి ఉంటే ఎవరూ పంపేవారు కాదు. ముందే తెలియనిది ఒకటి ఉంటేనే కదా దాన్ని వ్యూహం అనేది. అన్నీ తెలిసిపోతే అది ఎక్కాల పుస్తకం.

రెండో అభ్యంతరం గట్టిది, దానికి నేను తలవంచాల్సిందే, సగమైనా. ఈ ఆటలో కొత్త విద్య ఏదైనా చేతికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒక నాయకుడి పుస్తకం నుంచో ప్రసంగం నుంచో నాలుగు మాటలు వినపడతాయి. ప్లేటో, నీషే లాంటి అసలు మనుషుల మాటల పక్కనే ఈ కల్పిత నాయకుల మాటలూ కూర్చుంటాయి, కూర్చుని తేలిపోవు. అది చిన్న విషయం కాదు. ముఖ్యంగా మిరియం. ఆటలో ఆమె పొరుగువాడికి పెద్ద తలనొప్పి. దాడిలో పావు వంతు బలం ఎక్కువ, చదువులో రెండు తక్కువ, సరిహద్దు కలిసిందంటే యుద్ధమే. కానీ ఆమె పేరు మీద వచ్చే మాటలు వింటుంటే, యంత్రాలను చూసి మనిషి మిడిసిపడుతున్న వేళ నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగిన పెద్దామెలా ఉంటుంది. ఆ మాటలు రాసినవాళ్లకు నమస్కారం. అయితే ఒకే మొహం కింద ఇద్దరు మనుషులు ఉన్నారన్నమాట. మాటలు రాసినవాళ్లు ఒక మిరియంను చేశారు, లెక్కలు రాసినవాళ్లు ఇంకో మిరియంను చేశారు, ఇద్దరికీ పరిచయం చేయడం మరిచిపోయారు. పెళ్లి శుభలేఖలో వరుడి పేరు పక్కన రాసిన చదువుకూ, పెళ్లిలో కూర్చున్న వరుడికీ ఉన్నంత దూరం. మాటలకూ చేతలకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని మిరియం కూడా ఒక రాత్రి గమనించి, నిద్రపట్టక దొర్లి ఉంటే అదీ పాత్ర. ఆమెకు ఆ రాత్రి ఎవరూ ఇవ్వలేదు.

మూడోది తెలివైనవాళ్లు వేసే ప్రశ్న. నాయకుడు గీత దాటకపోతేనేం, ఆడేవాడు దాటిస్తాడు కదా, శాంతిదూత లాల్‌ను ఎంచుకుని ఊళ్లు తగలబెట్టవచ్చు కదా? తగలబెట్టవచ్చు. ఇంకో తమాషా కూడా ఉంది. లాల్ పోలీసు రాజ్యం పెట్టకూడదు గాని, తన సైనికులకు విషవాయువు కట్టి పొరుగూరి మీదికి పంపవచ్చు. పోలీస్ స్టేషన్‌కు తాళం, ఆయుధాల గోదాము బార్లా తెరిచి ఉంది. పోనీ పంపాడనుకుందాం. మిగతా ఆరుగురూ ఆంక్షలు పెడతారు, వ్యాపారం ఆపేస్తారు. లాల్ మొహం? అదే చొక్కా, అదే చూపు, తర్వాతి ప్రసంగంలో అవే మానవహక్కులు. పాపం ఆడేవాడిది, నాయకుడికి అంటదు. వేషం వేసుకున్నవాడు తప్పు చేస్తే వేషానికి మచ్చ పడదు. బ్రహ్మనాయుడికి ఆ వెసులుబాటు లేదు. కొడుకు బాలచంద్రుడు పోయాడు, అలరాజు పోయాడు, పెంచిన వీరులు పోయారు. అన్నీ అయ్యాక ఆయన గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. గెలిచాడా ఓడాడా అని అడిగితే కథ ఆ బిలం వైపు వేలు చూపించి ఊరుకుంటుంది. ఆల్ఫా సెంటారిలో గెలుపు ఎన్ని రకాలో పుస్తకంలో అచ్చేశారు. గుత్తికొండ బిలం మాత్రం అందులో లేదు.

ఇంత తిట్టాక న్యాయం కోసం ఒక మాట చెప్పాలి, లేకపోతే నాకూ నిషేధాల పట్టిక ఉన్నట్టే. ఈ ఆటను పల్నాటి కథ పక్కన పెడితే చిన్నది గాని, మన ఫ్యాక్షన్ సినిమాల పక్కన పెడితే ఉపనిషత్తు. ఆల్ఫా సెంటారి రావడానికి ఒక నెల ముందు, 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. అక్కడ నుంచి ‘నరసింహనాయుడు’, ‘ఆది’, ‘ఇంద్ర’ దాకా ఫ్యాక్షన్ అన్న మాటకు తెర మీద అర్థం ఒకటే అయిపోయింది. తెల్ల చొక్కా, ఎగిరే సుమోలు, తొడ మీద చరుపు, పగిలే నేల. హీరో చేస్తే రక్షణ, విలన్ చేస్తే ఫ్యాక్షన్. విలన్ ఎందుకు విలన్ అంటే హీరో కాడు కాబట్టి. ఆ లెక్కన ఆల్ఫా సెంటారి మర్యాదస్తురాలు. ఏడుగురిలో ఎవరికైనా సరే తన వాదం తాను చెప్పుకునే వంతు ఇచ్చింది. యాంగ్ లాంటి నియంత మాట కూడా కాసేపు నిజమేనేమో అనిపించేలా రాసింది. మన సినిమా నాయకుడు మీసం మెలేస్తాడు, ఆట నాయకుడు సిద్ధాంతం చెబుతాడు, వీరగాథ నాయకుడు తప్పు చేసి తల దించుకుంటాడు. మూడింటిలో ఏది పాత్రచిత్రణో చెప్పడానికి పరీక్ష పెట్టాల్సిన పని లేదు. పరీక్ష పెట్టినా మీసానికి పాస్ మార్కులు వేసే రోజులివి, అది వేరే బాధ.

ఇంతవరకూ నవ్వుతూనే వచ్చాను గాని, ఈ వాదం చివరికి వచ్చేసరికి నవ్వు ఆగే చోటు ఒకటుంది. ఆ ఆటలో సంతృప్తి లేని పనివాళ్లను డ్రోన్లు అంటారు. ఊరి బొమ్మలో వరసగా చిన్న చిన్న మొహాలుగా కనపడతారు. ఎక్కువైతే అల్లర్లు, తగ్గితే శాంతి, వాళ్లను లెక్కపెట్టడమే తప్ప పలకరించడం ఉండదు. ఆట వచ్చిన ఎనిమిది నెలలకు అదే ఏడు వచ్చిన దాని అనుబంధ భాగం ‘ఏలియన్ క్రాస్‌ఫైర్’లో డ్రోన్లకూ ఒక వర్గం, దానికి దోమై అనే మేస్త్రీ నాయకుడూ దొరికారు. వెంటనే ఆయనకూ ఒక కలుపు, ఒక తీసివేత, ఒక నిషేధం. డ్రోన్లు మళ్లీ డ్రోన్లే. నాయకుల పాత్రచిత్రణ గురించి ఇంత మాట్లాడుకునే మనం వెనక నడిచేవాళ్లను మన భాషలో ఏమంటాం? ‘ఫలానావారి మనుషులు’ అంటాం. మనుషులు అనే అంటాం, మనుషులుగా మాత్రం లెక్కవేయం. 2024 ఎన్నికల గొడవలకు పల్నాడు జిల్లాలో 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా నాయకుల పేర్లు పతాక శీర్షికల్లో, మిగిలినవాళ్లు ‘ఇరు వర్గాలు’లో. తల పగిలినవాడి పంట ఏమైంది, ఇంట్లో ఎవరున్నారు, ఆ పొద్దున ఇంట్లో ఎవరితోనైనా మాట పడి బయల్దేరాడా, ఎవరూ రాయరు. రంగు ఒక్కటే మిగులుతుంది, కాకి పోయింది అన్నట్టు. ఈ లెక్కలో పల్నాటి కథ కూడా పూర్తిగా కడిగిన ముత్యం కాదు. అరవై ఆరుగురు వీరుల పేర్లు దక్కాయి. నాగులేటి ఒడ్డున పడిపోయిన మిగతావాళ్లు దక్కలేదు. అయినా ఒక చిన్న మేలు జరిగింది. ఆ నాయకుల కథను ఇన్ని వందల ఏళ్లు మోసిన వీరవిద్యావంతులు నాయకుల ఇళ్లవాళ్లు కారు, మాలలు. బ్రహ్మనాయుడి తప్పును దాచిపెట్టకుండా తరతరాలుగా పాడుకుంటూ వచ్చినవాళ్లు చాప చివర చోటు దొరికినవాళ్లే. తప్పు చేసిన నాయకుడి గుణం ఆ చివర కూర్చున్నవాళ్లకే బాగా తెలుస్తుందేమో.

నూజెండ్ల 2022 ఏప్రిల్ 4న కాగితాల మీద పల్నాడు జిల్లాలోకి వచ్చింది, అప్పటిదాకా గుంటూరు జిల్లా. కాబట్టి కొత్తగా వచ్చిన హక్కుతో ఆటలు చేసేవాళ్లకు ఈ వైపు నుంచి ఒక విన్నపం. గ్రహం మార్చండి, ఓడ మార్చండి, ఏడుగురిని పద్నాలుగు మందిని చేసుకోండి. నిషేధాల పట్టిక మాత్రం తీసేసి, ఆ చోట ప్రతి నాయకుడి పెరట్లో ఒక కోడిని కట్టేయండి. పందెం కాస్తాడో మానతాడో ఆయన ఇష్టానికి వదలండి, కాసి ఓడితే ఏడేళ్లు అడవిలో తిరగనివ్వండి. నమూనా కావాలంటే దూరం పోనక్కర్లేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి కారెంపూడి వీరుల గుడి దగ్గర ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాలుగో రోజు ప్రతి ఏడూ కోళ్లను దింపుతారు, ప్రతి ఏడూ బ్రహ్మనాయుడు ఓడిపోతాడు.